కందెన పెట్టకూడని చోటు

(రాజోలులో ఒక ఆదివారం పొద్దున్న, పాత జీపుల యజమానులూ షెడ్లలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళూ కలిసి కూర్చున్న చోట ఒక జీపు మెకానిక్ చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండి. పెద్దలకి, నాతోటి మెకానిక్కులకి, పని నేర్చుకుంటున్న పిల్లలకి, తెల్లారగట్లే లేచి నరసాపురం నుంచి పంటు మీద గోదారి దాటి వచ్చినవాళ్ళకి కూడానండి.

బయట చెట్టుకింద ఏడు జీపులున్నాయి. లోపలికి వస్తూ ఒక్కోదాని వెనక చక్రం దగ్గర వంగి చూశాను. మూడింటికి చక్రం నడిబొడ్డున ఉండే హబ్ నట్టు చుట్టూ ఎర్రగా, కుంకుమ రాలినట్టు తుప్పు పొడి ఉంది. ఆ బళ్ళు ఎవరివో నేను అడగను. ఆ మూడు బళ్ళ వాళ్ళు మాత్రం ఈ పూట కాస్త ముందుకు జరిగి కూర్చోండి. ఇవాళ నేను చెప్పేదంతా ఆ పొడి గురించే.

ఈ బల్లమీద ఉన్నది వెనక యాక్సిల్ షాఫ్టు. మనం ఇరుసు అంటాం గానీ ఎడ్లబండి ఇరుసుకీ దీనికీ చాలా తేడా ఉందండి. ఎడ్లబండి ఇరుసు తిరగదు. చక్రమే దానిమీద తిరుగుతుంది. ఇరుసు బరువు మోస్తూ కూర్చుంటుంది, చక్రం జారిపోకుండా చివర చీల ఉంటుంది. ఈ షాఫ్టు బరువూ మోయాలి, చక్రాన్నీ తిప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుకి అలా ఉండేది కాదు. దానికి బరువంతా షాఫ్టు చుట్టూ ఉండే హౌసింగ్ గొట్టం మోసేది, షాఫ్టుకి తిప్పే పని ఒక్కటే. షాఫ్టు విరిగినా చక్రం ఊడేది కాదు. దీన్నే ఫుల్ ఫ్లోటింగ్ అంటాం. పెద్ద లారీలకి ఇప్పటికీ ఇదే పద్ధతి. యుద్ధం అయిపోయాక మామూలు జనం కోసం చేసిన సీజే జీపులకి సెమీ ఫ్లోటింగ్, అంటే షాఫ్టే బరువు కూడా మోసే పద్ధతి వచ్చింది. మనదేశంలో మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో బిగించడం మొదలుపెట్టి, ఆ తర్వాత దశాబ్దాలపాటు చేసిన జీపులు ఆ సీజే వంశంలోవే. మన లంకల్లో, కాలవగట్ల మీద తిరిగిన జీపుల్లో ఎక్కువ వాటికి వెనకాల ఉన్నది ఈ టేపర్ షాఫ్టే.

టేపర్ అంటే ఏమిటో చూడండి. షాఫ్టు చివర ఇలా సన్నబడుతుంది. హబ్ లోపలి బెజ్జం కూడా అదే ఏటవాలులో ఉంటుంది. పికాసు కామ తెలుసు కదా మీకు? సన్నవైపు నుంచి పికాసు దూర్చి, లావువైపు దాకా దిగ్గొట్టి బిగిస్తాం. అలాగే ఇక్కడ నట్టు తిప్పేకొద్దీ హబ్ షాఫ్టు మీదకి దిగి కరుచుకుంటుంది. ఆ కరుచుకున్న పట్టే చక్రాన్ని తిప్పుతుంది. పక్కన గాడిలో ఈ చిన్న ఇనప ముక్క కనపడుతోంది కదా, దీన్ని కీ అంటాం. చక్రాన్ని తిప్పేది కీ అనుకుంటారు అందరూ. పాతికేళ్ళు వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను. కీ ఉన్నది తోడుకి. పట్టు ఉన్నంత కాలం దానిమీద పెద్దగా భారం పడదు.

ఇప్పుడు నట్టు కొంచెం వదులైందనుకోండి. ముందుకి వెళ్ళినప్పుడు హబ్ వెంట్రుకవాసి ఇటు, రివర్సు వేసినప్పుడు వెంట్రుకవాసి అటు కదులుతుంది. రెండు ఇనుములూ ఒకదాన్నొకటి రాసుకుని పొడి రాలుతుంది. అదే మీరు చూసిన ఎర్రపొడి. కదిలిన ప్రతిసారీ దెబ్బ కీ మీద పడుతుంది. కీ గాడి అంచు మీద కొడుతుంది. గాడి మూల దగ్గర కంటికి కనపడని పగులు పుడుతుంది. అది రోజుకింత పెరుగుతుంది. అప్పటికీ బండి నడుస్తూనే ఉంటుంది. క్లచ్ వదిలినప్పుడు ఒక్క 'టక్' మంటుంది, అంతే. డ్రైవరు రేడియో సౌండు కొంచెం పెంచుతాడు.

ఈ ముక్క చూడండి. ఇది నేను ముప్పై ఏళ్ళుగా దాచుకున్నది. ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని వెనకదాకా పంపండి, మళ్ళీ నాకు ఇచ్చెయ్యండి.

భీష్మ ఏకాదశికి వారం ముందు ఒక ట్రిప్పు జీపు మా షెడ్డుకి వచ్చింది. అంతర్వేది తీర్థం రోజుల్లో జీపుకి ఎంతమంది ఎక్కేవారో మీకు నేను చెప్పక్కర్లేదు. షాఫ్టు టేపర్ అరిగి మెట్టు పడిపోయింది, కీ గాడి వెడల్పయింది. కొత్త షాఫ్టు కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్ళాలి, రెండు రోజులు పోతాయి, తీర్థం బేరం పోతుంది అన్నారు బండాయన. నేను టేపర్ మీద వెల్డింగు పెట్టించి, లేతు మీద తిప్పించి, కొత్త గాడి కోయించి, కొత్త కీ వేసి బిగించి ఇచ్చాను. చూడ్డానికి కొత్తదానికంటే అందంగా ఉంది. ఏటిగట్టు మీద మలుపు దగ్గర వెనక ఎడమ చక్రం బ్రేకు డ్రమ్ముతో సహా ఊడి, బండికంటే ముందు దొర్లుకుంటూ పోయింది. జీపు గట్టు వాలులోకి ఒరిగి సరుగుడు చెట్లకి ఆనుకుంది. ప్రాణాలు పోలేదు. ఒక ముసలమ్మగారికి భుజం ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఆవిడ మంచం పక్కన నేను నించుంటే, "నువ్వెవరు నాయనా" అని అడిగింది. ఆ మాటకి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు వెళ్ళి చెప్పాను.

తప్పు బండాయనది కాదు, వెల్డింగు చేసినతనిదీ కాదు, నాదే. షాఫ్టు అంటే మామూలు ఇనుము కాదండి. మిశ్రలోహపు ఉక్కు, కొలిమిలో లెక్క ప్రకారం కాల్చి చల్లార్చి గట్టిపరిచింది. దానిమీద వెల్డింగు వేడి పెడితే, పెట్టిన చోట పెళుసెక్కుతుంది, దాని పక్కన మెత్తబడుతుంది. ఆ రెండూ కలిసే గీత దగ్గరే విరుగుతుంది. మీ చేతిలో ఉన్న ముక్క విరిగిన ముఖం గమనించండి. ఒక పక్క నున్నగా ఉండి సన్నటి చారలు వంపులు తిరిగి ఉన్నాయి. వరద తీస్తున్నప్పుడు ఏటి ఒడ్డున ఇసుకలో నీరు రోజుకొక గీత విడిచిపెట్టి వెనక్కి వెళ్తుంది చూశారా, అచ్చం అలాగే. ఆ చారలన్నీ పగులు ఆగుతూ పెరుగుతూ వచ్చిన గుర్తులు. రెండో పక్క పటికబెల్లం ముక్క విరిచినట్టు గరుకుగా ఉంది. అది చివరి దెబ్బకి ఒక్కసారిగా తెగిన భాగం. అంటే ఆ జీపు చాలా దూరం పగిలిన షాఫ్టుతోనే జనాన్ని మోసింది.

ఇంకో మాట. యాక్సిల్ విరిగితే బండి కదలదు, అంతే కదా అనుకుంటారు కుర్రాళ్ళు. బండి ఆగదు కూడా. డ్రమ్ము ఊడిపోగానే బ్రేకు సిలిండరులోంచి పిస్టన్లు బయటికి తన్నుకొస్తాయి, బ్రేకు ఆయిల్ మొత్తం పోతుంది. ఈ పాత జీపులకి నాలుగు చక్రాలకీ ఒకటే బ్రేకు లైను. ఒక చోట పోతే నాలుగూ పోయినట్టే. సరే, హ్యాండు బ్రేకు లాగుదామంటే, అది చక్రాల దగ్గర లేదు. గేరుబాక్సుకి ఆనుకున్న ట్రాన్స్‌ఫర్ కేసు వెనకాల, వెనక ఇరుసుని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంది. ప్రొపెల్లర్ ఆగినా, రెండు వెనక చక్రాల మధ్య ఉండే పళ్ళచక్రాల పెట్టె, అదే డిఫరెన్షియల్, ఊరుకోదు. విరిగిన వైపు ముక్క వెనక్కి తిరుగుతుంది, మంచి చక్రం ముందుకి దొర్లుతుంది.

అందుకే ఈ జీపులకి ఒక వెనక చక్రం జాకీ మీద లేపితే హ్యాండు బ్రేకుని నమ్మకండి. లేపిన చక్రం గాల్లో తిరుగుతుంది, నేల మీద చక్రం కదులుతుంది, బండి జాకీ మీద నుంచి దిగిపోతుంది. ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టాకే జాకీ ముట్టుకోండి. దిమ్మ అంటే ఇటుక ముక్క కాదు. తాటి మొద్దు కోసి పెట్టుకోండి, ఏళ్ళ తరబడి ఉంటుంది.

జబ్బు ఎక్కడుందో కనుక్కోవడానికి నేను వాడేది సుద్దముక్క. 'టక్' మన్న ప్రతి బండికీ డిఫరెన్షియల్ లోపలి పళ్ళచక్రాల జత, అదే క్రౌన్ పినియన్, పోయిందని చెప్పి మొత్తం దింపేసేవాళ్ళున్నారు, అలా చెయ్యకండి. హబ్ క్యాప్ తియ్యండి. షాఫ్టు కొస మీద నుంచి నట్టు మీదుగా హబ్ దాకా సుద్దతో ఒక్క గీత గియ్యండి. బండి నాలుగు సార్లు ముందుకి, నాలుగు సార్లు వెనక్కి కొంచెం గట్టిగా నడపండి. దిగి చూడండి. గీత తిన్నగా ఉంటే హబ్ మంచిదే, అప్పుడు ప్రొపెల్లర్ కొసల్లో వంగే కీళ్ళు, అదే క్రాసులు చూడండి, ఆ తర్వాతే క్రౌన్ దగ్గరికి వెళ్ళండి. షాఫ్టు మీది గీతకీ హబ్ మీది గీతకీ అతుకు తప్పిందా, ఇక ఆ బండి మీద జనాన్ని ఎక్కించొద్దు.

ఇక విప్పడం. పాత జీపుల్లో ఎడమవైపు వీల్ నట్లు ఎదురు మరలో ఉండేవి. అది తెలీక కుర్రాళ్ళు పైపు వేసి స్టడ్డు తెంపేస్తారు. హబ్ నట్టు తిరక్కుండా ఆపే స్ప్లిట్ పిన్ తీశాక, నట్టు పూర్తిగా ఊడదియ్యకండి. కొన్ని మరలు ఉంచండి. పుల్లర్ని అయిదు స్టడ్లకీ బిగించి లాగితే, ఏళ్ళు పట్టేసిన హబ్ ఒక్కసారి తుపాకీ పేలినట్టు వదులుతుంది. నట్టు లేకపోతే డ్రమ్ము వచ్చి మోకాలి మీద పడుతుంది. పుల్లర్ లేదని షాఫ్టు కొస మీద సమ్మెటతో కొట్టడం మహాపాపం. ఆ దెబ్బ బేరింగు గుండా పోయి, లోపల డిఫరెన్షియల్ మధ్యలో రెండు షాఫ్టుల కొసలూ ఆనుకునే దిమ్మ మీద పడుతుంది. ఒక హబ్ ఊడదీసి మూడు కొత్త జబ్బులు తెచ్చుకున్నట్టవుతుంది.

షాఫ్టు బయటికి వచ్చాక దాన్ని బాగుచెయ్యాలా, మార్చాలా? నా నిర్ణయం చెబుతాను. ఆయిలు కారకుండా ఆపే సీలు పోతే సీలు మార్చండి. బేరింగు గరగరమంటే బేరింగు మార్చండి, కప్పుతో సహా. టేపర్ మీద చిన్న గీతలుంటే వాల్వు పేస్టు రాసి హబ్‌ని చేత్తో తిప్పుతూ నూరుకోవచ్చు. తర్వాత పేస్టు మిగలకుండా పెట్రోలుతో కడగాలి. ఇంతవరకూ బాగుచెయ్యడం. టేపర్ మీద గోరు ఆనితే తెలిసే మెట్టు ఉన్నా, గాడి వెడల్పైనా, షాఫ్టు లోపలి కొసన ఉండే స్ప్లైన్ పళ్ళు మెలిపడినా, బేరింగు కూర్చునే చోటు వదులైనా షాఫ్టు మార్చాల్సిందే. ఆ వదులు చోట డాట్ పంచ్‌తో గుంటలు కొట్టి బేరింగు ఎక్కించేవాళ్ళున్నారు. నడుస్తుంది, ఎన్నాళ్ళో చెప్పలేం. ఒకరి కుటుంబం ఎక్కే బండికి ఎన్నాళ్ళో చెప్పలేని పని చెయ్యకూడదు.

షాఫ్టు మారిస్తే హబ్ కూడా మార్చండి. పాత హబ్ లోపల పాత షాఫ్టు అరుగుదల అచ్చు పడి ఉంటుంది. కొత్త షాఫ్టు దాంట్లో రెండు చోట్ల ఆనుతుంది, మిగతాది ఖాళీ. అనుమానముంటే షాఫ్టు మీద పల్చగా నీలం రంగు రాసి, హబ్ తొడిగి, కొంచెం తిప్పి తియ్యండి. హబ్ లోపల ముప్పావు వంతుకి పైగా, చుట్టూ సమంగా నీలం అంటాలి. ఒక పక్కే అంటితే ఆ జత పనికిరాదు.

కొనేటప్పుడు పాత షాఫ్టు వెంట తీసుకెళ్ళండి. ఈ సీజే రకం జీపులకి డిఫరెన్షియల్ సరిగ్గా మధ్యలో ఉండదు, కుడివైపుకి జరిగి ఉంటుంది. అందుకని ఎడమ షాఫ్టు పొడుగు, కుడిది పొట్టి. స్ప్లైన్ పళ్ళు కూడా మోడల్ని బట్టి మారతాయి. పది పళ్ళవీ ఉన్నాయి, పందొమ్మిది పళ్ళవీ ఉన్నాయి. ఫోన్లో చెప్పి పార్సిల్ తెప్పించుకుని, పళ్ళు కలవక తిరిగి పంపినవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు.

పాత సామాన్ల కొట్టులో సెకండ్ హ్యాండు షాఫ్టు తీసుకుంటే పగులు చూసుకోవడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. శుభ్రంగా తుడిచి ఒక రాత్రి కిరోసిన్‌లో నానబెట్టండి. పొద్దున్నే పొడిగుడ్డతో బాగా తుడిచి, కీ గాడి చుట్టూ సుద్దపొడి జల్లండి. పగులుంటే దాంట్లో దాక్కున్న కిరోసిన్ మెల్లగా పైకి వచ్చి, తెల్లటి పొడిలో వెంట్రుకలాంటి తడి గీత తేలుతుంది. మా గురువుగారు నేర్పిన పద్ధతి ఇది. ఆ గీత మొదటిసారి తేలినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. చేతిలో పట్టుకున్నప్పుడు నిగనిగలాడుతున్న షాఫ్టు అది.

మన ప్రాంతం గురించి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి, నీళ్ళ గురించి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మనకి ప్రతి ఊరూ కాలవగట్టు మీద ఊరే. 1986 ఆగస్టు వరద పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అప్పటికి నేను షెడ్లో చేరి రెండేళ్ళు. నీళ్ళు తీశాక జీపులు వరసగా వచ్చాయి. యజమానులంతా ఇంజను, ఇంజను అంటుంటే, మా గురువుగారు ముందు డిఫరెన్షియల్ డ్రెయిన్ ప్లగ్గు విప్పమన్నారు. మొదట తేటనీళ్ళు కారాయి, తర్వాత పాలెక్కువైన టీ రంగులో ఆయిలు, చివర్న ఒండ్రు. ఒండ్రుతో తిరిగితే బేరింగు రోలర్లు సానపట్టినట్టు అరిగిపోతాయి.

నీళ్ళు లోపలికి ఎలా వెళ్ళాయి? హౌసింగ్ గొట్టం మీద లోపలి గాలి ఆడటానికి వేలెడంత బ్రీదర్ ఉంటుంది. బురద పట్టి అది మూసుకుపోతుంది. ఎండలో గంటసేపు నడిచిన బండి హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. లోపలి గాలి వేడెక్కి ఉంటుంది. అలాగే తీసుకెళ్ళి రేవులో దింపామంటే ఆ గాలి ఒక్కసారి ముడుచుకుంటుంది, సీలు పెదవి సందులోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. అందుకని బ్రీదర్‌కి రబ్బరు గొట్టం తొడిగి ఛాసిస్ పైదాకా కట్టెయ్యండి. రొయ్యల చెరువుల వైపు తిరిగే బళ్ళయితే ఉప్పునీరు కాబట్టి ఇంకా జాగ్రత్త. చక్రం మునిగేంత నీళ్ళలో దిగిన మర్నాడు పొద్దున్న, బండి కదపకముందు, డ్రెయిన్ ప్లగ్గు రెండు మరలు వదులు చెయ్యండి. రాత్రంతా నిలబడితే నీరు అడుక్కి దిగి ఉంటుంది, ముందు అదే కారుతుంది. తేటనీరు కనపడితే ఆయిలు మొత్తం మార్చి తొంభై నంబరు గేరాయిలు పొయ్యండి.

(సభలోంచి ఒకరు: "బిగించేటప్పుడు టేపర్‌కి కొంచెం గ్రీజు రాస్తే మళ్ళీ విప్పడం తేలిక కదండీ?")

ఆయ్, మంచి ప్రశ్న. మనది కందెన మీద పెరిగిన బుద్ధి. ఎక్కడ ఇనుము ఇనుముకి తగిలితే అక్కడ కందెన పెట్టాలనిపిస్తుంది. బేరింగు నిండా పెట్టండి, సీలు పెదవికి రాయండి, స్ప్లైన్లకి ఆయిలు తగలనివ్వండి. ఈ ఒక్క చోట మాత్రం పెట్టకూడదు. చక్రాన్ని తిప్పేది ఆ పట్టే అని చెప్పాను కదా. పట్టు పొడిగా ఉండాలి. షాఫ్టునీ హబ్బునీ పెట్రోలుతో తుడిచి, చేత్తో మళ్ళీ ముట్టుకోకుండా తొడగాలి. చేతికి అంటిన ఆయిలు కూడా ఎక్కువే.

(ఇంకొకరు: "పెద్ద టైర్లు వేస్తే ఈ షాఫ్టు ఆగుతుందా బాబాయ్?")

టైరు ఎత్తు పెరిగితే షాఫ్టుని మెలిపెట్టే బలం పెరుగుతుంది, చక్రం బయటికి జరిగితే వంచే బలం పెరుగుతుంది. ఇసుకలో పెద్ద టైర్లతో ఫోర్ వీల్ వేసి గట్టిగా తొక్కుతామంటే ఈ టేపర్ షాఫ్టు మీద ఆశ పెట్టుకోకు అబ్బాయ్. కంపెనీ ఇచ్చిన సైజు టైర్లతో ఒండ్రునేల మీద పని చేసుకునే బండికి మాత్రం, సరిగ్గా బిగిస్తే ఇది ఒక తరం మన్నుతుంది. మా షెడ్లో అలాంటివి చూశాను.

(మరొకరు: "షిమ్ములు ఎన్ని వెయ్యాలండి?")

ఇన్ని అని చెప్పకూడదండి, కొలిచి వెయ్యాలి. బ్రేకు ప్లేటుకీ హౌసింగ్‌కీ మధ్య ఉండే ఆ రేకులతోనే షాఫ్టు ఆట, అంటే లోపలికీ బయటికీ కదిలే సందు, సరిచేస్తాం. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క అది. చేత్తో ఊపితే ఉందా లేదా అన్నట్టుండాలి. లోపల రెండు షాఫ్టులూ ఒకే దిమ్మకి ఆనుతాయి కాబట్టి ఒక వైపు రేకు తీస్తే రెండో వైపు ఆట కూడా మారుతుంది. ఆ ఆట కొలిచే డయల్ గేజి లేకపోతే ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, ఇందులో నామోషీ లేదు. బేరింగు ఎక్కించేటప్పుడు సమ్మెట వద్దు. మరిగే నీళ్ళ వేడికి దగ్గరగా ఆయిలు కాచి, అందులో బేరింగు ఉంచి తీస్తే తనంతట తాను జారి కూర్చుంటుంది.

ఇక మిగిలింది నట్టు. ఇటు రా బాబూ, ఆ అయిదడుగుల పైపు పట్టుకుని రా. చక్రానికి దిమ్మలు పెట్టారా? ఇద్దరు చూడండి. ఈ నట్టుకి 150 పౌండ్-ఫీట్లకి తగ్గకుండా బిగింపు కావాలి. బిగింపు కొలిచే టార్క్ రెంచి ఉంటే దానితోనే బిగించండి. లేనివాళ్ళకి ఇదొక లెక్క. అయిదడుగుల పైపు కొసన పదిహేను కిలోల బరువు, అంటే ముప్పైమూడు పౌండ్లు, వేలాడితే అంతకి కొంచెం పైనే అవుతుంది. బియ్యం సంచీలో తూచి తెచ్చుకున్నాను. తగిలించు. పైపు అడ్డంగా, నేలకి సమంగా ఉండాలి. ఆఁ, కదిలింది. మళ్ళీ సరిచెయ్యి. ఇప్పుడు ఆగింది.

పిన్ను బెజ్జం కలవలేదు కదా? చాలామంది ఇక్కడే నట్టుని కాస్త వెనక్కి తిప్పుతారు. వెనక్కి తిప్పొద్దు, ముందుకే. బెజ్జం కలిసేదాకా ఇంకొంచెం బిగించు. అదీ. స్ప్లిట్ పిన్ కొత్తది వెయ్యి, పాతది వద్దు. కొస రెండు వైపులా విరిచి పడుకోబెట్టు. సుద్దముక్క ఇటివ్వు, గీత గీస్తాను. ఈ బండి యజమానిగారెవరండి? ఒక యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ తీసుకురండి. పిన్ను తీసి ఇదే పైపుతో మరోసారి చూడాలి.